మా బావ రేడియో, ఏడు రోజుల మౌనం

మా బావ జీవరాజ్‌కు కూర్చోవడం చేతకాదు. ఎగతాళికి అనడం లేదు, ఉన్నమాటే చెబుతున్నాను. మా అక్క తబితాను ఆయనకిచ్చి ఇరవై రెండేళ్లయింది. ఇన్నేళ్లలో ఆయన మా ఇంట్లో ఒక్క కప్పు చాయ్ కూడా కుదురుగా తాగిన పాపాన పోలేదు. రెండు గుక్కలు పడగానే ఫ్యాను చప్పుడు తేడాగా ఉందని లేస్తాడు. ఫ్యాను అయ్యాక మిక్సీ, మిక్సీ అయ్యాక తలుపు బందులు. ఈలోగా చాయ్ చల్లారిపోతుంది. అక్క మళ్లీ వేడి చేసి ఇస్తుంది. అది కూడా నిలబడే తాగి చెప్పులేసుకుంటాడు.

ఆయన స్థిమితంగా కూర్చునే చోటు లోకంలో ఒక్కటే ఉంది. బీదర్‌లో మైలూరు వైపు పోయే దారిలో ఒక ట్రస్టు వాళ్ల రెండంతస్తుల భవనం, దానిపైన చిన్న గది. చప్పుడు బయటికి పోకుండా గోడలకు పాత కంబళ్లు, కోడిగుడ్ల అట్టలు కొట్టి ఉంటాయి. అదే లాల్‌మిట్టి రేడియో. మా ఎర్రమట్టి పేరే దానికి పెట్టుకున్నారు. పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది. గాలి బాగుంటే కమఠాణ దాటి వినిపిస్తుంది, లేకపోతే కొల్హార్ ఫ్యాక్టరీల దగ్గరే గొంతు పడిపోతుంది. మొదట్లో నలుగురు పనిచేసేవారు. ఒకరి తర్వాత ఒకరు వేరే పనులు చూసుకున్నారు. అయిదేళ్లుగా తాళం తీసేది, మైకు ముందు మాట్లాడేది, పాట వేసేది, తెగిన వైరు అతికేది, మళ్లీ తాళం వేసేది మా బావ ఒక్కడే.

అంతకుముందు ఆయనకు చౌబారా దగ్గర టేపురికార్డర్లు బాగుచేసే దుకాణం ఉండేది. జనం తెచ్చే క్యాసెట్లలో సినిమా పాటలకన్నా ఇంటివాళ్ల గొంతులే ఎక్కువ. ఎవరో ముసలమ్మ పాడిన పెండ్లిపాట, ఎవరి తాతో చెప్పిన భజన. టేపు నలిగితే ఆయన గంటల తరబడి చేత్తో సాపు చేసి అతికించేవాడు. బావ వాళ్ల నాన్న ఏసప్ప ఎర్రరాయి గనిలో పనిచేస్తూ ఆదివారం చర్చిలో ఢోలక్ వాయించేవాడు. ఆయన పోయాక ఆ ఢోలక్ చప్పుడు ఏ టేపులోనూ లేదని బావ చాలా రోజులు బాధపడ్డాడు. తర్వాత టేపులే పోయాయి, దుకాణం పోయింది. సరిగ్గా అప్పుడే ఈ రేడియో పెట్టి ఆయనను పిలిచారు. పిలవకపోతే ఆయన మా అందరి ఇళ్లలో మిక్సీలు విప్పుతూ తిరిగేవాడు.

ఆయన పాట తెచ్చే పద్ధతి వేరు. ఎవరినీ ఆ గదికి రమ్మనడు. మైకు ముందు కూర్చోబెడితే మనిషి బిగుసుకుపోతాడు, ఫొటోకు నిలబడ్డట్టు పాడతాడు అంటాడు. తానే స్కూటర్ మీద ఊరికి వెళ్తాడు. అక్కడివాళ్లు కందులు చెరుగుతూ, బట్టలు ఉతుకుతూ, మొహర్రంలో పీర్లు లేచే రోజుల్లో అలావ నిప్పులగుండం చుట్టూ తిరుగుతూ పాడుతుంటే పక్కన నిలబడి రికార్డు చేస్తాడు. అందుకే ఆ పాటల్లో చేట చప్పుడు, మేక అరుపు, మధ్యలో ఎవరో పిల్లను తిట్టడం కూడా వినిపిస్తాయి. అవేవీ కోయడు. తెలుగు, కన్నడం, దక్కనీ, అప్పుడప్పుడు మరాఠీ, ఏ గొంతు దొరికితే ఆ గొంతు. నాకు ఆ పాటల మీద పెద్ద మోజు లేదు. మొహమాటం ఎందుకు, ఆ సంగతి ఆయనకూ తెలుసు.

నా పేరు జాషువా. తహశీల్ ఆఫీసు ఎదురుగా నాకో జిరాక్స్ దుకాణం ఉంది. బావే ఇచ్చిన చిన్న రేడియో ఒకటి లామినేషన్ మిషన్ మీద ఉంటుంది. సాయంత్రం అయిదుకు దాని చెవి తిప్పడం నాకు అలవాటు. విన్నానా లేదా అన్నది వేరే సంగతి.

మొన్న ఎండలు మొదలైన వారంలో, ఒక సోమవారం మధ్యాహ్నం బావ దుకాణానికి వచ్చాడు. వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు, లేచాడు. బయటికి వెళ్లి ఆఫీసు గేటు దాకా నడిచి తిరిగొచ్చాడు. సాయంత్రం అయిదున్నరకు మళ్లీ వచ్చాడు. ఆ వేళ ఆయన మైకు ముందు ఉండాలి.

"ఏం బావా, డ్యూటీ లేదా?" అన్నాను.

"సెలవు వెట్టిన."

రేడియో పెట్టిన ఈ పదకొండేళ్లలో ఆయన సెలవు పెట్టినట్టు నేనెరగను. అక్క పురిటికి కూడా పొద్దుటి పాటలు ముగించుకుని వచ్చిన మనిషి. కానీ ఆ రోజు దరఖాస్తుల చివరి తేదీ, దుకాణం నిండా జనం. నేను ఇంకేమీ అడగలేదు. ఆయన లామినేషన్ మిషన్ వైపు చూశాడు, నా మొహం వైపు చూశాడు, వెళ్లిపోయాడు.

మంగళవారం పొద్దున అక్క ఫోను చేసింది. "మీ బావ తెల్లారక ముందే లేచి తానం జేసి, అంగీ తొడుక్కొని, స్కూటర్ మీద కూసున్నడురా. చాలు జెయ్యలే. ఊకె గట్లనే కూసున్నడు. ఇప్పుడు మిద్దెమీది నీళ్లట్యాంకు కడుగుతుండు. మొన్ననే కడిగిన అన్నా ఇంటలేడు." అక్క అంగన్‌వాడీలో పనిచేస్తుంది. ముప్పై మంది పిల్లలను కూర్చోబెట్టగలదు గానీ ఈయనను కూర్చోబెట్టలేదు.

బుధవారం మూడు గంటలకు వచ్చి, "కొల్హార్ దాంక పోయొద్దాం పా" అన్నాడు. ఎందుకంటే చెప్పలేదు. స్కూటరెక్కాను. షిఫ్టు మారే వేళ. గేటు ముందు చాయ్ బండి, బారులు తీరిన ఆటోలు. ఒక ఆటోలో సినిమా పాట మోగుతోంది. బావ దాని దగ్గరికి నడిచాడు. డ్రైవరు ఆయన మొహం చూసి పాట ఆపేశాడు. పక్క ఆటోవాడు కూడా ఆపేశాడు. చాయ్ బండివాడు రెండు కప్పులు ఇచ్చాడు గానీ పైసలు తీసుకోలేదు. పాళీ ముగించుకుని వస్తున్న ఆడపిల్లలు ఇద్దరు ఆయనను చూసి చున్నీ తలమీదికి లాక్కుని పక్కకు తప్పుకున్నారు. ఒక్కరూ ఒక్క మాట మాట్లాడలేదు.

తిరిగి వస్తుంటే బావ స్కూటరును రోడ్డు మీద పోనిస్తున్నాడో గుంటల్లో పోనిస్తున్నాడో ఆయనకే తెలియదు. "జాలి పడుతున్నరు" అన్నాడొకసారి, తనలో తనే. ఎవరి మీద, ఎందుకు అని అడిగితే స్కూటరును ఇంకా జోరుగా పోనిచ్చాడు.

గురువారం ఆయనకు ఇక కడుపులో దాగలేదు. దుకాణం మూసే వేళ వచ్చి షట్టరు సగం తనే దించాడు.

"సోమారం సంది రేడియో బందున్నది. నీకెర్కనా?"

"ఎర్కనే" అన్నాను.

అబద్ధం. సెలవన్న మాట విని కూడా, ఆయన లేకపోతే ఆ గది తాళం తీసేవాడే లేడని నాకు తట్టలేదు. సోమవారం సాయంత్రం చెవి తిప్పితే సర్రుమన్న చప్పుడొచ్చింది. కరెంటు తేడా అనుకుని ఆపేశాను. మంగళవారం నా ఫోన్లో పాటలు పెట్టుకున్నాను. బుధవారం ఆ రేడియో వైపే చూడలేదు. ఆయన నా కళ్లలోకి చూసి అంతా గ్రహించాడు. గ్రహించి, మిషన్ మీది రేడియోను అంగీ కొనతో తుడిచాడు, అందుకే నాకు మరీ సిగ్గేసింది.

అప్పుడు చెప్పాడు. రేడియో నడుపుకోవడానికి ప్రభుత్వం ఇచ్చిన అనుమతి గడువు ముగుస్తోంది. మళ్లీ కావాలంటే నెలాఖరులోగా కాగితాలు పంపాలి. ట్రస్టు సెక్రెటరీ సంతకం కావాలి. ఆ సెక్రెటరీ వీరప్ప సార్, కాలేజీలో లెక్చరర్‌గా రిటైరైన పెద్దమనిషి. చెడ్డవాడు కాదు. ట్రస్టు మీటింగులో ఎవరో, ఆ గది కంప్యూటర్ క్లాసులకు ఇద్దాం, ఇప్పుడు అందరి చేతిలో ఫోనుంది, ఈ రేడియో ఎవరు వింటున్నారు అన్నారట. వింటున్నారని బావ అన్నాడు. ఎంతమంది అంటే చెప్పలేకపోయాడు. అప్పుడు వీరప్ప సార్ ఒక పరీక్ష పెట్టాడు. ఏడు రోజులు రేడియో బంద్. ఎందుకు బందయిందో ఎవరికీ చెప్పకూడదు. స్టేషన్ ఫోను సార్ దగ్గరే ఉంటుంది. రేడియో ఏమైందని జనం అడిగితే కాగితాల మీద సంతకం పెడతాడు. ఎవరూ అడగకపోతే అంతే.

"నువ్వు ఒప్పుకున్నవా?"

"ఒప్పుకున్న. మాటిచ్చిన. ఒక్క దినంల వంద ఫోన్లొస్తయనుకున్న." ఆయన షట్టరు అంచు పట్టుకుని గోరుతో రంగు గీకుతున్నాడు. "నిన్నటిదాంక ఒక్కటొచ్చింది. అది డ్రైవింగ్ స్కూల్ నంబరనుకొని చేసిండట."

నాకు ఒళ్లు మండింది. సార్ మీద, ఊరి మీద, ముందుగా నా మీద. "గింతేనా? రేపు పొద్దున నా దుకాణానికొచ్చే జనంతోటి యాభై ఫోన్లు కొట్టిస్త. జిరాక్స్ ఫ్రీ అంటె కొట్టరా?" అన్నాను.

"దొంగ ఓట్లేయించి గెలువాల్నా నేను?" అని ఆయన నా మీదికి లేచాడు. "నువ్వు ఇంటలేవు. ఇంటలేనోనివి ఫోనెందుకు కొడతవ్?" షట్టరు పూర్తిగా దించి, నన్ను లోపలే ఉంచి వెళ్లిపోయాడు. తర్వాత గుర్తొచ్చి తిరిగొచ్చి ఎత్తాడు.

శుక్రవారం నేనే దుకాణం మూసి ఆయనను కమఠాణకు తీసుకెళ్లాను. అది ఆయన సొంతూరు. అక్కడ భీమవ్వ ఉంది. రేడియోలో వచ్చే కలుపు పాటల్లో సగం ఆమెవే. డెబ్బై దాటిన మనిషి. ఆమె గొంతు వింటే బావ కాస్త నిమ్మళిస్తాడని నా ఆశ. వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్లతో కూర్చుని కందులు చెరుగుతోంది. మా స్కూటరు ఆగగానే చేటలన్నీ ఆగిపోయాయి. అందరూ కొంగు తలమీద కప్పుకున్నారు. ఆమె కొడుకు భీమ్‌రావ్ మంచం వాల్చి, నీళ్ల చెంబు తెచ్చిపెట్టి, తలొంచుకుని గోడవారగా నిలబడ్డాడు. భీమవ్వ మెల్లగా లేచి వచ్చి బావ రెండు చేతులూ పట్టుకుంది.

"ఎవరు కొడుకా?" అంది.

"ఏందవ్వా?"

"ఎవరు వోయిన్రు? అయిదు దినాలాయె. ఎవరొచ్చి చెప్తరా అని తొవ్వ సూస్తున్న. మోసెస్ మాస్టరా?"

రేడియోలో భజనలు పాడే ఆ పెద్దాయన పేరు వినగానే బావ మొహం పాలిపోయింది. నాకు మాత్రం ఒక్కసారిగా అంతా తెలిసిపోయింది.

ఆ అలవాటు ఎలా మొదలైందో చెప్పాలి. ఏడేళ్ల కిందట పీరప్ప అని అలావ పాటలు పాడే ముసలాయన పోయాడు. ఆయన పాటలు బావ చాలా రికార్డు చేశాడు. కబురు తెలిసి తెల్లవారుజామునే వెళ్లి, పాడె మోసి, ఎండెక్కాక గానీ తిరిగి రాలేదు. గదికి మిగతావాళ్లు వచ్చారు గానీ తాళంచెవి ఈయన జేబులోనే ఉండిపోయింది. ఆ పూట రేడియో మోగలేదు. మర్నాడు జనం బావను పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మా పీరప్ప కోసం రేడియో మూగబోయింది, ఇంత మర్యాద ఎవరు చేస్తారు అన్నారు. మా వైపు గల్లీలో ఎవరైనా పోతే మూడు రోజులు ఎవరి ఇంట్లోనూ పాట మోగదు, టీవీ మోగదు. రేడియో కూడా ఆ మర్యాద పాటించిందనుకున్నారు. తాళంచెవి సంగతి చెప్పడానికి బావకు నోరు రాలేదు. తర్వాత ఇంకో పాడే మనిషి పోయినప్పుడు ఆయన కావాలనే ఆపాడు. అట్లా అదొక ఆచారమైంది. ప్రతిసారీ ఒక్క పూటే గనుక, ఏడు రోజుల బందును కూడా జనం అలాగే తీసుకుంటారని ఆయనకు తట్టలేదు. రేడియోలో ముందు చెప్పడు, తర్వాతా చెప్పడు. మూగబోయిందంటే మనవాళ్లలో ఒకరు పోయినట్టు. వినేవాళ్లకు తెలుసు.

ఆ ఆచారం సంగతి తెలిసీ ఈ వారం నాకు తట్టలేదు, ఎందుకంటే నేను వినను.

"ఎవ్వలు వోలే అవ్వా" అన్నాడు బావ. "బైబిల్ మీద ఒట్టు. మాస్టర్ మంచిగున్నడు."

"మరి ఫోన్ జేసి అడిగేదుండె గదా అవ్వా" అన్నాను నేను ఉండబట్టలేక.

భీమవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "చావు కబరు ఫోన్ల అడుగుతరా బిడ్డా? గట్లెవలన్న అడుగుతరా? మనిషి వచ్చి చెప్పాలె, లేకుంటె మనం వోయి కూసోవాలె." తర్వాత బావ వైపు తిరిగింది. "ఎవలు వోకుంటె ఎందుకు బందు వెట్టినవ్?"

బావ నోరు తెరిచాడు. ఒక్క మాట చాలు. ఆ వాకిట్లో ఉన్నవాళ్లే పది ఫోన్లు కొట్టేవారు. నేను చెప్పబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకుని నొక్కాడు, ఎముక నొప్పి పుట్టేంతగా.

"చెప్పద్దన్నరవ్వా" అన్నాడు.

"చెప్పద్దంటె నేనడుగ" అని ఆమె మళ్లీ చేట అందుకుంది. కానీ ఆ రోజు వాకిట్లో ఎవరూ పాడలేదు.

తిరిగి వస్తున్నంత సేపు ఆయన నోరు ఆగలేదు. ఆటోవాళ్లు పాట ఎందుకు ఆపారో, చాయ్‌వాడు పైసలు ఎందుకు తీసుకోలేదో, ఆ పిల్లలు చున్నీ ఎందుకు కప్పుకున్నారో, అన్నీ ఒక్కొక్కటే నాకు విప్పి చెప్పాడు, నేనేదో అక్కడ లేనట్టు. "ఇంటున్నరురా జాషువా. అందరు ఇంటున్నరు" అని ఎన్నిసార్లన్నాడో. ఆదివారం చర్చిలో పాస్టర్ గారు దుఃఖంలో ఉన్న కుటుంబం కోసమని, పేరు చెప్పకుండా ప్రార్థన చేశారు. ప్రార్థన ముగిశాక జనం వరసగా వచ్చి బావ చేయి నొక్కిపోయారు. నేను నవ్వు ఆపుకోలేక బయటికొచ్చాను. మా అక్క కూడా వచ్చింది, కొంగు నోట్లో కుక్కుకుని.

సోమవారం పొద్దున ఇద్దరం వీరప్ప సార్ ఇంటికి వెళ్లాం. సార్ వరండాలో స్టేషన్ ఫోను బల్లమీద పెట్టుకుని కూర్చున్నాడు. ఏడు రోజుల్లో ఆరు ఫోన్లు. ఒక్కటీ రేడియో గురించి కాదు. బావ పీరప్ప దగ్గర మొదలుపెట్టి భీమవ్వ దాకా అంతా చెప్పాడు. సార్ కన్నడం మనిషే అయినా తెలుగు చక్కగా అర్థం చేసుకుంటాడు. చివరిదాకా విన్నాడు.

"నోడ్రి, చూడు జీవరాజ్, నేను నమ్ముతున్నాను. కానీ మీటింగులో ఇది చెబితే ఏమంటారు? ఓడినవాడు ఏదో ఒక సాకు చెబుతాడంటారు." స్టేషన్ ఫోనును బావ వైపు జరిపాడు. "ఒక పని చెయ్యి. రేపు ఆరింటికి రేడియో పెట్టు. ఎవరూ చనిపోలేదని చెప్పు. రేడియో కావాలంటే తొమ్మిది లోపల ఫోన్ చెయ్యమని చెప్పు. నేను వచ్చి కూర్చుంటాను. కాగితం తెస్తాను."

ఇంతకన్నా న్యాయం ఏం కావాలి. నేను గేటు దాటగానే బావ భుజం చరిచాను. ఆయన మొహం మాత్రం వెనకటికన్నా వాడిపోయింది. స్కూటరును స్టాండు మీద నుంచి దించి, మళ్లీ ఎక్కించి, మళ్లీ దించాడు.

"రేపు గూడ ఎవ్వలు చెయ్యకుంటె?" అన్నాడు.

"చేస్తరు."

"ఇయ్యాల నా కాడ ఒక మాటున్నది. మర్యాదకు ఊకున్నరు అని. దాన్నే పట్టుకొని బతకొచ్చు. రేపు గా మాట గూడ పోతె?"

 ఆ మాటకు నాకూ భయమేసింది. మనిషిని ఊరు మరిచిపోవడం వేరు, వద్దనుకోవడం వేరు. ఆ రోజంతా ఆయన ఇంట్లో తిరుగుతూనే ఉన్నాడు. రేపు ఏం మాట్లాడాలో కాగితం మీద రాస్తాడు, చింపేస్తాడు. ఊరి పాటలన్నీ కంఠతా వచ్చిన మనిషికి, తన కోసం తాను అడుక్కునే నాలుగు మాటలు రావడం లేదు. అడుక్కోవడం కాదు, అడగడమే అని అక్క దిద్దింది. రెండూ ఒకటే అన్నాడాయన.

మంగళవారం ఆరింటికి నేను కూడా ఆ గదిలో ఉన్నాను. నిజం చెప్పాలంటే రేడియో పుట్టాక నేను ఆ గది మెట్లెక్కడం అది మూడోసారి. వీరప్ప సార్ మూల కుర్చీలో కాగితం మోకాళ్లమీద పెట్టుకుని కూర్చున్నాడు. బావ రాసుకున్న కాగితం జేబులోనే ఉంచి మైకు ముందు నిలబడ్డాడు.

"నమస్కారం. ఇది లాల్‌మిట్టి రేడియో. నేను జీవరాజ్ మాట్లాడుతున్న. వారం దినాల పైన రేడియో బందుండె. ఎవలో వోయిన్రని మీరనుకున్నరు. ఎవ్వలు వోలే. మోసెస్ మాస్టర్ మంచిగున్నడు. భీమవ్వ మంచిగున్నది. నేను గూడ మంచిగనే ఉన్న. పోయేటట్టున్నది రేడియోనే. ఇది ఉండాల్నా వద్దా అని అడుగుతున్నరు. పదకొండేండ్లల మిమ్మల్ని పాట అడిగిన గని ఇంకొకటి అడగలే. ఇయ్యాల అడుగుతున్న. ఉండాల్నంటె తొమ్మిది లోపట ఫోన్ కొట్టున్రి. వద్దనుకుంటె ఊకోన్రి. నేనేమనుకోను."

అదే మాట కన్నడంలో, దక్కనీలో చెప్పి, మైకు ఆపాడు. పాట వేయలేదు. పాట వేస్తే లంచం పెట్టినట్టుంటుందన్నాడు. ఇలాంటి మనిషితో ఎలా వేగాలి మీరే చెప్పండి.

పావుగంట ఏమీ లేదు. బావ కిటికీ దాకా వెళ్తున్నాడు, వస్తున్నాడు. సార్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. అప్పుడు ఫోను మోగింది. బావ స్పీకరులో పెట్టాడు.

"మాస్టర్ బతికే ఉన్నడా అన్నా? దేవునికి స్తోత్రం" అని ఒక ఆడమనిషి గొంతు. పెట్టేసింది.

మళ్లీ మోగింది. "ఎవరూ పోలేదా? నిజంగనా? మంచిది, మంచిది." పెట్టేశాడు. మూడోది దక్కనీలో ఒక ముసలాయన, అల్లాకు శుక్రియా చెప్పి పెట్టేశాడు. ఏడున్నర అయ్యేసరికి పదకొండు ఫోన్లొచ్చాయి. పదకొండు మందీ ఎవరూ పోనందుకు సంతోషపడ్డారు. రేడియో కావాలని ఒక్కరూ అనలేదు.

వీరప్ప సార్ గొంతు సవరించుకున్నాడు. ఆయన అనబోయేది ఏమిటో మాకు తెలుసు. నేను ఆయన వైపు చూడలేదు. బావ మెల్లగా, "ఆళ్లకు చావే ముఖ్యం సార్. చావు ముందల రేడియో ఎంత" అన్నాడు. ఆ మాట కోపంతో అనలేదు, ఒప్పుకుంటూ అన్నాడు.

పన్నెండో ఫోను ఏడూ నలభైకి వచ్చింది.

"రేడియో ఆయనవేనా నువ్వు?" మగ గొంతు, మంచి కోపంగా ఉంది. "నా పేరు కాశప్ప. కొల్హార్‌కు ఆటో నడుపుత. ఎవ్వలు వోలేదంటున్నవట. నిజమేనా?"

"నిజమే అన్నా."

"మరి మా బిడ్డ పెండ్లి ఎవలు మల్ల జేస్తరు?"

బావ బిత్తరపోయి నా వైపు చూశాడు.

"మొన్న ఆదివారం మా పింకి పెండ్లి. ఆరు దినాల సంది రేడియో మూగవడి ఉన్నది. ఇన్ని దినాలున్నదంటె మస్తు పెద్దమనిషే వోయిండనుకున్నం. గసొంటప్పుడు మేం డీజే ఎట్ల వెడతం? డీజే వద్దన్నం, బ్యాండు వద్దన్నం. బారాత్ నోరు మూసుకొని తీసినం. ఆడోళ్లు ఒక్క పాట పాడలే. మా అల్లుని దిక్కోళ్లు ఇదేం పెండ్లి అని మొకమ్మీదనే అన్నరు. బిడ్డ ఏడ్చుకుంట పోయింది. నీ రేడియో కోసం గింత జేస్తె, ఇయ్యాల ఎవ్వలు వోలే, ఊకెనే బందు వెట్టినం అంటవా? జర గూడ సోయి లేదా నీకు?"

 బావ ఫోను ముందు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "తప్పైంది అన్నా" అన్నాడు. "నా తప్పే. మాఫ్ జెయ్యి."

"మాఫ్ చేసుడెంది. బిడ్డ, అల్లుడు పొద్దుగాలనే వచ్చిన్రు, వాకిట్ల ఉన్నరు. రేడియో మంచంమీద వెట్టినం. గల్లోళ్లందరు నిలవడ్డరు. పాట ఎయ్యి. పెండ్లిపాట. ఎన్నుంటె గన్ని ఎయ్యి. అప్పటిదాంక ఫోన్ వెట్ట."

బావ వీరప్ప సార్ వైపు తిరిగాడు. సార్ ఒక చేత్తో కాగితం, ఒక చేత్తో కళ్లద్దాలు పట్టుకుని ఉన్నాడు. అవునని అనలేదు, కాదని అనలేదు. బావ ఇక ఆగలేదు. మైకు తెరిచాడు.

"కొల్హార్ ఆటో కాశప్ప బిడ్డ పింకి పెండ్లి మొన్న ఆదివారం అయింది. ఆ పెండ్లికి రావాల్సిన పాటలు ఇప్పుడొస్తున్నయి" అని చెప్పి, కమఠాణ ఆడవాళ్లు పాడిన పెండ్లిపాట ఒకటి వేశాడు. గదిలో స్పీకరు లేకపోవడంతో మాకు వినిపించేది బల్లమీది ఫోనులోంచే. ముందు మంచంమీది రేడియో గరగర. తర్వాత పాట. రెండో చరణానికి ఆ వాకిట్లో ఎవరో ఆడమనిషి గొంతు కలిపింది. తర్వాత ఇంకొకరు, తర్వాత చాలామంది. రేడియోలో పాడేవాళ్లెవరో, వాకిట్లో పాడేవాళ్లెవరో తెలియకుండా అయిపోయింది.

వీరప్ప సార్ కాగితాన్ని కుర్చీలో వదిలి లేచొచ్చాడు. ఫోను తీసుకుని చెవికి ఆనించుకున్నాడు. నేను సంతకం సంగతి అడగబోతే, పాట అయ్యాక పెడతానని చేత్తో సైగ చేశాడు.